సదాచారము - గణాచారము: మాదకద్రవ్యముల నుండి మన బిడ్డల రక్షణ



ఉదయమున విభూతి ధరించి, బేగంబజారులో దుకాణము తెరచు కుటుంబములు మనలో కలవు. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించిన కాయకము కేవలము శ్రమ కాదు. పరులకు హాని చేయని శుద్ధమైన శ్రమ. ఆ కొలతతో నేడొక విషయమును పరిశీలింతము.

మన బజారునకు సమీపముననే ధూల్‌పేట కలదు. అచ్చట ఒకప్పుడు గుడుంబా, తరువాత గంజాయి ఎన్ని సంసారములను కూల్చినవో నగరవాసులకు తెలిసినదే. 2024లో ఆబ్కారీ శాఖవారు “ఆపరేషన్ ధూల్‌పేట” పేర దాడులు సాగించిరి. అయినను దోషము ఒక పేటదేయని మనము నిశ్చింతగా ఉండరాదు. 2019లో ప్రకటింపబడిన ఎయిమ్స్ వారి జాతీయ సర్వే ప్రకారము దేశమున సుమారు 3.1 కోట్లమంది గంజాయి, భంగు వంటివి సేవించుచున్నారు. మత్తుకై పీల్చెడి పదార్థముల వాడకము మాత్రము పెద్దలలో కంటె 10-17 ఏండ్ల పిల్లలలోనే అధికమని ఆ సర్వే తెల్పినది.

సదాచారము

ఆ పీల్చెడి పదార్థములెవ్వి? పంక్చరు సొల్యూషను, వైటునరు, థిన్నరు. ఇవి ఏ అడవిలోనో రహస్యముగా పండునవి కావు. బజారు దుకాణముల అరలలో ఉండునవే. వాని ఆవిరి క్షణములలో మెదడునకు చేరును. మొదటిసారి పీల్చినప్పుడే గుండె ఆగి మరణించుటయు కలదు. బాలుడొకడు పదేపదే సొల్యూషను ట్యూబులకై వచ్చుచుండగా, అడుగక అమ్మి పైకము గల్లాలో వేయుట కాయకమగునా? కారణమడుగుట, అవసరమైనచో ఆ అమ్మకమును వదలుకొనుట సదాచారము.

గణాచారము

మన ఇంటి బిడ్డయే వ్యసనమున పడినచో? పరువు పోవునని, పెండ్లి సంబంధములు తప్పునని, పోలీసుల భయమున దాచిపెట్టుదుము. గదిలో బంధింతుము, కొట్టుదుము. వ్యసనము రోగము, దెబ్బలతో మానదు. మద్యము, నిద్రమాత్రలకు తీవ్రముగా అలవాటుపడిన వారిచే హఠాత్తుగా మాన్పించినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

చట్టమును గూర్చి ఒక మాట. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునందు 64ఎ సెక్షను కలదు. సేవించిన నేరమున గాని, స్వల్ప పరిమాణమున కలిగియున్న నేరమున గాని చిక్కిన వ్యసనపరుడు తానై ముందుకు వచ్చి, ప్రభుత్వము నడుపు లేక గుర్తించిన చికిత్సాలయమున పూర్తిగా చికిత్స పొందినచో, అతనిపై అభియోగము సాగదు. అమ్మువారికి ఈ రక్షణ లేదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చికిత్స లభించును. 14446 నంబరునకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును.

సమాజమునకు కలుగు ఆపదను నివారించుట గణాచారము. వ్యసనము విడిచి వచ్చిన యువకుని మఠమున పంక్తిలో కూర్చుండబెట్టి ప్రసాదమిడుటయు అందులోనిదే. నిందించి వెలివేసినచో అతడు మరల పాత స్నేహితుల కడకే పోవును.

ఇంట చింతన చేయవలసినవి

1. మన దుకాణములోని ఏ సరుకు బాలుని చేతిలో విషమగును?
2. మన బిడ్డ తప్పు ఒప్పుకొనదలచినచో, భయము లేక మన యెదుటికి రాగలడా?