టేపు ఎప్పుడు తీయాలి?

చిల్లాకట్టె ఆడి పెరిగినవాళ్ళకి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. (కోస్తావాళ్ళు బిళ్ళంగోడు అంటారు, తెలంగాణ మిత్రులు చిర్రగోనె అంటారు. ఆట ఒకటే, పేరు దగ్గరే హాస్టల్లో కొట్లాట.) మిగతా సగం బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధాల గురించి. ఈ సెమిస్టర్లో మనవాళ్ళు కొందరు అట్టముక్కలనే సైనికులుగా పెట్టుకుని ఈ ఆట మొదలుపెట్టారు. ప్రతిసారీ ఒకే గొడవ దగ్గర ఆట ఆగిపోతోంది. దాడి చేస్తున్నా అని చెప్పకముందే టేపు పెట్టి దూరం చూసుకోవచ్చా, కూడదా?

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. చదరంగంలో లాగా ఇక్కడ గళ్ళు ఉండవు. బల్ల అంతా మైదానమే, కొండలూ ఇళ్ళూ మనం పెట్టుకున్నవే. కాలిబంటు 4 అంగుళాలు కదులుతాడు, విల్లు 24 అంగుళాల దాకా తగులుతుంది, ఇలా అన్నీ అంగుళాల్లోనే. కాబట్టి దూరం ఎప్పుడు తెలుస్తుందన్నదే సగం ఆట. కొన్ని ఆటల్లో ఎప్పుడైనా కొలుచుకోవచ్చు. కొన్నిట్లో ముందు మాట ఇచ్చేయాలి, ఆ తర్వాతే టేపు.

ఇక మా సోమందేపల్లె సంగతి. శెనక్కాయ పీకేసిన చేను ఖాళీగా ఉన్నన్నాళ్ళూ చిల్లాకట్టె నడిచేది. చిల్లాను లేపి కొడతాం, అది ఎక్కడో పడుతుంది. కొట్టినవాడు నిలబడ్డచోటి నుంచే "నలభై కట్టెలు" అని అడుగుతాడు. అవతలివాళ్ళు సరే అంటే నలభై వాడి ఖాతాలో. నమ్మకపోతే "కొల్సురా" అంటారు. అప్పుడు కట్టెతోనే నేల మీద పెట్టుకుంటూ పోవాలి. ముప్పైతొమ్మిదికే చిల్లా దగ్గరికి చేరిపోతే వాడు ఔట్. యాభై వచ్చినా వాడికి దక్కేది అడిగిన నలభయ్యే. తక్కువ అడిగితే నష్టం, ఎక్కువ అడిగితే ఆటే పోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. చాలాసార్లు ఎవరూ కొలవరు. ఆ ఎండలో నలభైసార్లు వంగి లేవడం ఎవరిక్కావాలి? కొలుస్తారేమో అన్న భయమే అడిగేవాణ్ణి అదుపులో పెడుతుంది. ముందే నడిచి లెక్కపెట్టుకుని వచ్చి అడగనిస్తే ఇంక ఆటే లేదు.

బల్ల మీది యుద్ధాల్లోనూ ఈ పద్ధతి ఉంది. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ సైన్యానికి నేర్పిన క్రీగ్‌ష్పీల్‌లో పటం మీద కొలతలుండేవి, తీర్పు చెప్పడానికి మధ్యవర్తి ఉండేవాడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. అందులో కాల్బలం ఒక అడుగు, గుర్రాలు రెండడుగులు, కొలవడానికి దారం ముక్క. ఫిరంగి మాత్రం స్ప్రింగు బొమ్మే, నిజంగా కర్రముక్క పేలుస్తుంది. తగిలితే తగిలినట్టు. అసలు చిల్లాకట్టెకి అన్న అనదగ్గది ఫ్లెచర్ ప్రాట్ ఓడల యుద్ధం, 1940లో పుస్తకంగా వచ్చింది. ఓడ నుంచి గురి ఎటో చూపించి, ఎన్ని అంగుళాల దూరమో కంటితో అంచనా వేసి కాగితం మీద రాయాలి. ఆ తర్వాతే టేపు. గుండు ముందు పడిందో వెనక పడిందో చూసి మళ్ళీసారి అంచనా దిద్దుకోవాలి. ఓడ ఫిరంగి పని కూడా అదే కదా.

గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళ వార్‌హామర్ ఫాంటసీ బ్యాటిల్‌లోనూ చాలాకాలం మాట ముందు, టేపు తర్వాత. ఫిరంగికి, రాళ్ళు విసిరే యంత్రానికి దూరం ఊహించి చెప్పాల్సిందే. 2010లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ దాన్ని తీసేసి, ఎప్పుడైనా కొలుచుకోండి అంది. 2012లో వార్‌హామర్ 40,000 ఆరో ఎడిషన్ అదే దారి పట్టింది. 2016లో వార్‌మెషీన్ మూడో ఎడిషన్ కూడా. ఆరేళ్ళలో ముగ్గురూ ఎందుకు మారారు? నా ఉద్దేశంలో, ఆ నిషేధాన్ని ఎవరూ కాపలా కాయలేరు. నా జాన ఎంతో నాకు తెలుసు. బల్ల మీద చెయ్యి ఆనించి "ఆలోచిస్తున్నా" అంటే ఎవడు కాదంటాడు? బల్ల 6 అడుగులు ఇంటూ 4 అడుగులని అందరికీ తెలుసు. వార్‌మెషీన్‌లో ఇంకా తమాషా. సేనాని మంత్రం ఎంతదాకా పనిచేస్తుందో ఎప్పుడైనా కొలుచుకోనిచ్చేవాళ్ళు. ఆ వంకతో పక్క దూరాలన్నీ రాబట్టేవాళ్ళు. అంటే రూలు అందరికీ ఒకటే, లాభం మాత్రం దాని చుట్టూ తిరగడం నేర్చినవాడికి.

కాకపోతే టేపుకి అనుమతి ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. పాత ఫాంటసీ బ్యాటిల్‌లో కాలిబంటు దాడి దూరం అచ్చంగా 8 అంగుళాలు. ముందే కొలవనిస్తే ఇద్దరూ ఎనిమిదిన్నర దగ్గర ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే అదే ఎడిషన్లో దాడి దూరాన్ని నడకకి రెండు పాచికల మొత్తం కలిపినంతగా మార్చారు. మనవాళ్ళకి ఇష్టమైన లెక్కే ఇది. శత్రువు 9 అంగుళాల్లో ఉంటే నడక 4 పోను పాచికల్లో 5 రావాలి: 36లో 30 అవకాశాలు, 83 శాతం. 11 అంగుళాలైతే 21, అంటే 58 శాతం. 13 అయితే 10 మాత్రమే, 28 శాతం. దూరం తెలిసినా భయం పోలేదు, కంటి నుంచి పాచికలోకి మారింది.

ఊహ పూర్తిగా పోవాలనీ నేననను. 2012లో వచ్చిన స్టార్ వార్స్ ఎక్స్-వింగ్ చూడండి. విమానం ఎటు ఎంత తిరగాలో డయల్ మీద రహస్యంగా తిప్పి బోర్లా పెట్టేస్తారు. తర్వాతే కొలబద్ద. ఢీకొంటే ఢీకొన్నట్టే. అక్కడ అంచనాయే ఆట కాబట్టి అది నిలబడింది.

మన ఆటకి వస్తే, ఇక్కడ నిజంగా ఒక మనిషి సంగతి ఉంది. మా ఊరివాడే, నా బ్యాచే. చిన్నప్పటి నుంచి ఒక కంటితోనే చూస్తాడు. చేలో వాడు అడిగిన కట్టెల లెక్క తప్పడం అరుదు. రోజూ పరిగెత్తిన నేల, దూరంగా తెలిసిన గట్లూ చెట్లూ, వాటితో పోల్చుకుని చెప్పేవాడు. బల్ల దగ్గర అలా కాదు. రెండు కళ్ళూ కలిసి చూపించే లోతు దగ్గరి వస్తువుల్లోనే ఎక్కువ పనికొస్తుంది, బల్ల మీద ఏడా ఎనిమిదా అన్నది తేల్చేది అదే. మూడు ఆటలు వరసగా దాడి అంగుళం తక్కువై మధ్యలో నిలబడిపోయాడు. నాలుగో వారం రాలేదు. ఎత్తులు వేయడంలో మాలో ఎవరూ వాడికి సాటి రారు. కంటిచూపు పరీక్ష పెట్టి అలాంటివాణ్ణి బయటికి పంపే రూలు మనకెందుకు?

కాబట్టి నా ప్రతిపాదన. నడకకి, దాడికి, బాణానికి టేపు ఎప్పుడైనా తీయొచ్చు. దాడికి రెండు పాచికలు. ఫిరంగి ఒక్కదానికి ప్రాట్ పద్ధతి: దూరం ఊహించి కాగితం మీద రాయాలి, ఇష్టంలేనివాళ్ళు ఫిరంగి తీసుకోనక్కర్లేదు. ఎప్పుడైనా కొలవొచ్చంటే అరగంట కొలిచేవాళ్ళూ తయారవుతారు, అందుకని ఒక్కో వంతుకి ఫోన్లో ఎనిమిది నిమిషాల టైమర్.

శనివారం సాయంత్రం ఇలా ఆడి చూద్దాం. వాడికి చెప్పాను, వస్తానన్నాడు. టేపు నేను తెస్తా, అంగుళాలున్న వైపే వాడండి.