మిలిటరీ నుంచి ఇంటికి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుంగభద్ర వైపు నుంచే. సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని. రాసినవాళ్లందరూ మాజీ సైనికులు, లేదా వాళ్ల ఇళ్లవాళ్లు. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మందులు రాయను, అది డాక్టరు పని. మనిషినీ, అతని ఇంటినీ, అతని కాగితాలనూ కలిపి చూస్తాను. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ ముడి ముందు వదులైతే దాంతోనే మొదలుపెడతాను.

*

"మా ఆయన పదిహేడేండ్లు మిలిటరీలో చేసి పెన్షన్ వచ్చినాడు. ఇప్పుడు 38 ఏండ్లు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి తలుపు గడియలు చూసుకుంటాడు. మాట్లాడిస్తే కసురుకుంటాడు, లేదంటే గమ్మునుంటాడు. మొన్న పీర్ల పండగకి తప్పెట్లు ఒక్కసారిగా మోగేసరికి గోడవార కూలబడి వణికిపోయినాడు. రోజూ తాగుతాడు. ఎవరో ఒక పొడి ఇచ్చినారు. కూరలో కలిపి పెడితే తాగుడు మానేస్తారంట. పెట్టొచ్చునా?" - ఒక సోదరి, సి.బెళగల్

పెట్టొద్దు తల్లీ. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పొట్లం పారేయండి. తాగుడు మాన్పించే మందుల్లో డైసల్ఫిరామ్ అనేది ఒకటి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, బి.పి. పడిపోతుంది, ప్రాణం మీదికీ వస్తుంది. డాక్టర్లు ఆ మందును మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇస్తారు. పేరు లేని పొట్లంలో ఏముందో మీకూ తెలియదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. అతనికి చెప్పకుండా పెట్టారని ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది. ఆ తర్వాత మీ చేతి ముద్ద కూడా అనుమానంగానే తింటాడు.

ఇంకొక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి లేనివి కనిపించవచ్చు. ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు వేయించి, ఆ రోజునుంచే మాన్పించాలని చూసే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఒట్టును నేను తక్కువ చేయను, అది పట్టుకుని నిలబడ్డవాళ్లను చూశాను. కానీ ఒట్టు వేసిన మొదటి వారం డాక్టరు కనిపెట్టి ఉండగా గడవాలి.

ఇక గడియల సంగతి. పదిహేడేళ్లలో అతను కాపలా కాసిన రాత్రులు ఎన్నో. చిన్న చప్పుడుకు లేచినవాడు బతికాడు, తోటివాళ్లను బతికించాడు. అక్కడ ప్రాణం కాపాడిన అలవాటు ఇక్కడ నిద్ర చెడగొడుతోంది. దానికి తోడు పాత సంఘటన ఏదైనా కళ్లముందు కదులుతుంటే, దానికి దగ్గరి చప్పుడు, వాసన, వెలుగు వచ్చినప్పుడు ఒళ్లు వెనక్కి, ఆ చోటికే పోతుంది. వైద్యంలో దీనికి పి.టి.ఎస్.డి. అని పేరు ఉంది. మిలిటరీ నుంచి వచ్చిన ప్రతివాళ్లకూ ఇది ఉంటుందని కాదు. ఉందో లేదో కూర్చోబెట్టి మాట్లాడితేనే తేలుతుంది.

మళ్లీ అలా వణికితే వెనకనుంచి పట్టుకోవద్దు. ఎదుటికి వచ్చి, కొంచెం దూరంలో నిలబడి పేరు పెట్టి పిలవండి. "ఇది బెళగల్. ఇది మన ఇల్లు. నేను, పిల్లలు ఉన్నాం" అని నెమ్మదిగా చెప్పండి. పాదాలు నేలకు ఆనించమనండి, చేతికి చల్లటి నీళ్ల చెంబు ఇవ్వండి. వచ్చే ఏడాది పండగ ముందురోజే చెప్పండి, రేపు రాత్రి గుండం దగ్గర తప్పెట్లు మోగుతాయని. వెళ్లాలో, వేరే ఊరికి పోవాలో అతన్నే తేల్చుకోనివ్వండి. తెలిసి వచ్చే మోత అంత భయపెట్టదు.

ఒక మాట మీ గురించీ చెప్పాలి. సెలవుకొచ్చిన భర్త వేరు, ఇంట్లో ఉండే భర్త వేరు. ఏడాదికి రెండు మూడు నెలలు చుట్టంలా వచ్చి వెళ్లినన్నాళ్లూ బోరు వేయించింది మీరు, పిల్లల్ని బడిలో చేర్పించింది మీరు, బ్యాంకులో సంతకం పెట్టింది మీరు. ఇప్పుడు ఆయన వచ్చి కూర్చుంటే ఇంట్లో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటీ కనిపించడం లేదు. నిన్నటిదాకా పది మంది సాబ్ అని పిలిచిన మనిషిని ఊళ్లో ఫలానా ఆయన కొడుకు అంటున్నారు. ఆ కోపం మీమీద పడుతోంది. పడటం తప్పే. చేయి చేసుకుంటే 181కి ఫోన్ చేయండి, సహించమని నేను చెప్పను. చేయి చేసుకోవడం లేదంటే మాత్రం, రోజూ ఒకే వేళకు చేయాల్సిన పని ఏదైనా పూర్తిగా ఆయనకు అప్పజెప్పి చూడండి. పిల్లల్ని బడికి దింపడం కావచ్చు, చేనికి నీళ్లు కట్టడం కావచ్చు. ఆ పని మీద మీరు మళ్లీ ఆరా తీయొద్దు.

ఆసుపత్రికి ఎలా పిలవాలని అడగలేదు గానీ, అది అందరూ అడిగే ప్రశ్నే. "పిచ్చి డాక్టరు" అనే మాట నోట రానివ్వకండి. నిద్ర గురించి అడిగొద్దాం అనండి. అబద్ధం కాదు కదా. 2003 ఏప్రిల్ నుంచి పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఇ.సి.హెచ్.ఎస్. అనే ఆరోగ్య పథకం ఉంది. కార్డు ఉంటే కర్నూలు పాలీక్లినిక్‌లో చూపించి, అక్కడినుంచి మానసిక వైద్యుడికి రాయించుకోవచ్చు. కార్డు లేకపోతే కర్నూలు పెద్దాసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది.

*

"నేను యుద్ధం చేయలేదు. శత్రువును కళ్లతో చూడలేదు. సియాచిన్‌లో కొన్ని నెలలు మంచులో ఉండొచ్చినా, అంతే. మరి నాకెందుకు నిద్ర పట్టదు? చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు." - మాజీ సైనికుడు, ఎమ్మిగనూరు

అన్నా, "అంతే" అని రాశారు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. సియాచిన్‌లో తూటాలకంటే వాతావరణమే ఎక్కువ మందిని తీసుకుపోయిందని మీకు నేను చెప్పాలా? 2016 ఫిబ్రవరి 3న దాదాపు 19,600 అడుగుల ఎత్తున మంచు చరియ కూలి మద్రాస్ రెజిమెంట్ పోస్టులో ఉన్న పదిమందిని కప్పేసింది. అందులో సిపాయి ముస్తాక్ అహ్మద్ అప్పటి మన కర్నూలు జిల్లావాడే, బండిఆత్మకూరు మండలం పార్నపల్లె. పక్క రాష్ట్రం ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్పను ఆరు రోజుల తర్వాత ప్రాణంతో బయటికి తీశారు. ఫిబ్రవరి 11న ఢిల్లీలో ఆయనా పోయారు. ఆ వారం దేశమంతా టీవీల ముందు కూర్చుంది. అలాంటి చోట పడుకుని లేచిన ప్రతి తెల్లవారుజామునూ మీ ఒళ్లు లెక్కపెట్టుకునే ఉంటుంది.

తుపాకీ పేలితేనే గాయం అనుకోవడం వల్ల చాలామంది ఆలస్యంగా వస్తున్నారు. గాలి అందని ఎత్తులో రోజుల తరబడి ఉండటం, పక్క పడక ఖాళీ కావడం, ఆ రోజు డ్యూటీ మార్చుకున్నందుకు తను బతికి ఇంకొకడు పోవడం, ఇవన్నీ గాయాలే. "వాడు పోయినాడు, నేనెందుకున్నా" అనే మాట నాతో చెప్పినవాళ్లంతా గట్టి మనుషులే. ఆ మాట మొదటిసారి పైకి చెప్పినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు ధైర్యం చెప్పకుండా వినాలి. మీకు అలా వినగలిగే పాత దోస్తు ఎవరైనా ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. యూనిట్ వాళ్లతో మాటలు తెగిపోవడమే చాలామందికి మొదటి దెబ్బ. నిద్ర మాత్రలు మీ అంతట మీరు కొని వేసుకోవద్దు. ఒళ్లు పరీక్ష కూడా చేయించుకోండి, నిద్ర పట్టకపోవడానికి థైరాయిడ్, షుగరు, గురకలో ఊపిరి ఆగడం లాంటివీ కారణాలే.

*

"మా వాడిని ఎనిమిదేండ్ల సర్వీసుకే మానసిక రోగమని ఇంటికి పంపించినారు. ఆ రోగం మిలిటరీ వల్ల వచ్చింది కాదని రాసి పెన్షన్ ఇవ్వలేదు. నాకు పత్తి చేను ఆరెకరాలు. వాడు ఈమధ్య 'నేను ఉండి ఏం లాభం నాయనా' అంటాండాడు." - ఒక తండ్రి, ఆదోని దగ్గర పల్లె

అయ్యా, ఉత్తరం పక్కన పెట్టి ముందు లేవండి. ఇంట్లో, పశువుల కొట్టంలో, మోటారు షెడ్డులో ఉన్న పురుగు మందు డబ్బాలన్నీ ఇవాళే బయటికి పంపేయండి. తాళం వేస్తే సరిపోదు. తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు. చేనుకు కావలసినప్పుడు ఎప్పటికప్పుడు తెచ్చుకోండి, సగం మిగిలిన డబ్బా ఇంటికి తేవద్దు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే దానినీ అప్పగించండి. ఆ ఆలోచన వచ్చిన ఘడియ చాలాసార్లు కాసేపట్లోనే దాటిపోతుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి మిగులుతాడు.

తర్వాత అతన్ని నేరుగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో, లేదా అర్ధరాత్రి, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు అవుతుందని భయపడి దాచిపెట్టే ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.

ఇప్పుడు పెన్షన్. ఆ తిరస్కారం కాగితమే మీ అబ్బాయికి సగం జబ్బు అని నా అనుమానం. జబ్బుతో పాటు, "నీ జబ్బు మాది కాదు" అన్న మాట కూడా మోస్తున్నాడు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. ఆయన్ని మూర్ఛ జబ్బుతో పంపించేశారు. చేరినప్పుడు వైద్య పరీక్షలో ఆ జబ్బు ఉన్నట్టు నమోదు కాకపోతే, ఆరోగ్యంగానే చేరాడని, తర్వాత చెడింది సర్వీసు వల్లనే అని భావించాలని, కాదనేవాళ్లే దానికి కారణం చూపాలని కోర్టు చెప్పింది. 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి మీవాడు ఎప్పుడు బయటికి వచ్చాడన్నది ముఖ్యం. డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు కాగితాలు, తిరస్కరించిన ఉత్తరం, ఈ మూడూ తీసుకుని కర్నూలులో జిల్లా సైనిక సంక్షేమ అధికారిని కలవండి. అప్పీలు ఉంది, అదీ కుదరకపోతే 2007 చట్టంతో వచ్చిన సాయుధ బలగాల ట్రైబ్యునల్ ఉంది. గెలుస్తారని మాట ఇవ్వలేను. కానీ వీలైతే మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లి, దరఖాస్తు అతని చేతే రాయించండి. తన తరఫున ఒక కాగితం కదిలిందని చూసిన రోజు, మనిషి వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

*

"మా నాయన 1971 యుద్ధంలో చేసినాడు. మతిమరుపు ఎక్కువైంది. మా అమ్మ పేరు మిలిటరీ కాగితాల్లో వీరమ్మ, ఆధార్‌లో ఈరమ్మ. నాయనకేమన్నా అయితే అమ్మకు పెన్షన్ వస్తుందా?" - ఒక కూతురు, సి.బెళగల్ మండలం

మన వైపు వీరన్న ఈరన్న అవుతాడు, వీరమ్మ ఈరమ్మ అవుతుంది. ఊరికి తెలుసు ఇద్దరూ ఒకరేనని, కంప్యూటరుకు తెలియదు. నాయన ఉండగానే సరిచేయించండి, పోయాక చాలా కష్టం. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, ఆధార్, డిశ్చార్జ్ బుక్ నకలు, నాయన సంతకంతో దరఖాస్తు, ఇవన్నీ సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంట్ రికార్డ్స్‌కు పంపాలి. మతిమరుపు ఇంకా ముదిరితే ఆ సంతకమే కష్టమవుతుంది, అందుకే తొందర. ఏడాదికొకసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తప్పిపోకుండా చూడండి. ఆయనకు 80 నిండి ఉంటే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా రావాలి, 85కు అది 30 శాతం. జమ అవుతోందో లేదో పాసుబుక్కు చూడండి.

మతిమరుపు "వయసు కదా" అని వదిలేయకండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులున్నా మతిమరుపులాగే ఉంటుంది. వీటికి మందుంది. ఆయన రాత్రిపూట లేచి "గాడీ వచ్చిందా" అని అడుగుతుంటే, లేదు నాయనా అని వాదించకండి. ఏ గాడీ అని అడగండి.

*

"నేను సి.ఆర్.పి.ఎఫ్.లో చేసినా. సైనిక సంక్షేమ ఆఫీసులో నీది మాది కాదన్నారు." - ఎమ్మిగనూరు

ఊళ్లో అందరూ మిమ్మల్ని మిలిటరీ ఆయన అనే పిలుస్తారు, కానీ సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. హోం శాఖ కిందివి. ఇ.సి.హెచ్.ఎస్. మీకు రాదు. మీ బలగం గ్రూప్ సెంటర్‌నూ, హోం శాఖ కింద మీకోసం ఉన్న సంక్షేమ, పునరావాస బోర్డునూ అడగండి. మనసు బాగులేకపోతే మాత్రం ఏ శాఖ అని 14416 అడగదు, పెద్దాసుపత్రీ అడగదు.

*

"నేను ఆదోనిలో డిగ్రీ చదువుతున్నాను. మా మామ మాజీ సైనికుడు. మీరు చేసే పని నేను చేయాలంటే ఏం చదవాలి?" - ఒక విద్యార్థిని

సంతోషం అమ్మాయీ. ముందు సోషల్ వర్క్‌లో పీజీ చేయాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే 2017 చట్టం ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. కూడా అడుగుతుంది. బెంగళూరు నిమ్హాన్స్ దానికి పేరున్న చోటు. ప్రవేశాల నియమాలు మారుతుంటాయి, ప్రకటన చూసుకుని దరఖాస్తు చెయ్యి.

ఈ వృత్తి ఎదగడానికి సైనికులూ ఒక కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు షెల్ షాక్ అనే మాటను వైద్య పత్రికకెక్కించాడు. 1918లో అమెరికాలో స్మిత్ కాలేజీ, అలా దెబ్బతిని వచ్చే సైనికుల కోసమే ఆడపిల్లలకు సైకియాట్రిక్ సోషల్ వర్క్ శిక్షణ మొదలుపెట్టింది. అంత దూరం ఎందుకు, ఆదోని పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ వాళ్లు పల్లె ఆసుపత్రుల్లోనే మానసిక వైద్యం అందించి చూశారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా.

చదువు మొదలయ్యేలోపు ఒక పని చెయ్యి. మీ మామ డిశ్చార్జ్ బుక్ ఒకసారి చూపించమని అడుగు. పతకాల పేర్లు ఉంటాయి, ఏది ఎక్కడ పనిచేసినందుకు ఇచ్చారో చెప్పమను. ఆయన చెప్పినంతా విను, ఆపిన చోట ఇంకేం అడగకు. పేర్లలో, పుట్టిన తేదీల్లో తప్పులుంటే మాత్రం ఒక కాగితం మీద రాసుకో. మీ అత్త పేరుతో సహా.