ప్రాచీన ఫ్రెంచి "ఎస్మొవొయిర్": దేహచలనము, మనశ్చలనము

మధ్యయుగపు ఫ్రెంచి కథనమున ఒక రాజు వార్త విని "ఎస్మొవొయిర్" అను క్రియకు కర్త యైనచో, నేటి నిఘంటువును నమ్మిన పాఠకుడు ఆతని హృదయము ద్రవించినదని అర్థము చెప్పుకొనును. నిజమునకు ఆతడు సేనతో బయలుదేరి యుండవచ్చును. ఈ సందిగ్ధమునకు మూలము ఆ క్రియ చరిత్రలోనే కలదు.

లాటిన్ భాషలో "మొవేరె" అనగా కదలించుట. దానినుండి ప్రాచీన ఫ్రెంచిలో "మొవొయిర్" ఏర్పడినది. వెలుపలికి అను అర్థమునిచ్చు "ఎక్స్" అను ఉపసర్గ చేరిన రూపము "ఎస్మొవొయిర్". మొదటిది అకర్మకమైనపుడు ప్రయాణమై వెడలుట అని అర్థము. 1202లో బయలుదేరిన నాల్గవ క్రూసేడును గూర్చి విలార్దువెఁ రచించిన వచనచరిత్రలో ఈ ప్రయోగము కానవచ్చును. రెండవది సేనను కదల్చుట, యుద్ధమును రేపుట, జనమును పురికొల్పుట, కోపమునో జాలినో పుట్టించుట అను వాని కన్నింటికిని చెల్లును. ఇందు దేహచలనము వాచ్యమనియు, మనశ్చలనము లక్ష్యమనియు విభజించుట ఆధునికుల అలవాటు. ఆనాటి ప్రయోగములలో అట్టి గీత స్పష్టముగా కానరాదు.

నామపదములు దీనికి బలమైన సాక్ష్యము. ప్రజల అల్లరిని తెలుపు "ఎమోత్" ఈ క్రియయొక్క భూతకృదంతమునుండి పుట్టినది. నేడు కేవలము మనోభావమును చెప్పు "ఎమోసియోఁ" సైతము 16, 17 శతాబ్దములలో ప్రజాక్షోభమునకు చెల్లినది; పన్నుల భారమునకు పల్లెలు తిరుగబడినపుడు వాడబడిన మాట యిదియే. కలవరమను అర్థముగల "ఎమ్వా"ను మాత్రము ఈ కుటుంబమున చేర్చరాదు. అది శక్తిని కోల్పోవుట అను అర్థముగల జర్మానిక్ మూలమునుండి వచ్చినది. ధ్వనిసామ్యము ఇచ్చట మోసగించును.

కాలక్రమమున దేహచలనమును "బూజే" అను క్రియ ఆక్రమించినది. దాని మూలార్థము బుడగలెత్తి ఉడుకుట యగుట విశేషము. "ఎమూవ్వార్"గా మారిన మన క్రియకు హృదయమొక్కటే మిగిలినది. రూపములు క్లిష్టములగుటచే అచ్చటను దానికి పోటీగా 19వ శతాబ్దిలో "ఎమోసియోనే" అను సులభరూపము వచ్చినది.

లాటిన్ ధాతువునకు సంస్కృతమున బంధువు "మీవ్". ధాతుపాఠమున ఇది స్థౌల్యార్థమున పఠింపబడుటచే విద్యార్థులకు ఈ సంబంధము తట్టదు. కాని ఋగ్వేదము 10వ మండలము 10వ సూక్తమున యమి తన్ను "కామమూతా" అని చెప్పుకొన్నది. కామముచే కదలింపబడినది అని దాని అర్థము. ఆలంకారికుల "సంచారి" పదమునను చలనమే కలదు గాని, అచ్చట సంచరించునది భావము. ఫ్రెంచి క్రియలో కదలింపబడునది మనుజుడు. ఈ భేదమును విస్మరించి రెంటిని ఒకటిగా చూపుట తగదు.

తెలుగు అనువాదకునకు ఒక సౌకర్యము కలదు. ఫ్రెంచి కోల్పోయినదానిని "కదలు" నిలుపుకొన్నది: దండు కదలును, మనసును కదలును. ప్రేరణార్థమున "రేపు" మరింత తగును. దుమ్మును, కయ్యమును, కోపమును, జాలిని రేపునది ఆ ఒక్క క్రియయే.