చూపులేని ఆమె దుకాణం – కంప్యూటర్ లెక్కగట్టే మంచితనం

పిల్లలూ! ఒక దుకాణం ఉందనుకోండి. దుకాణదారుకు చూపు లేదు. సరుకు ఇచ్చి ధర చెబుతుంది. మీరు ఎన్ని నాణేలు వేస్తే అన్నీ తీసుకుంటుంది, లెక్క చూసుకోలేదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. మీరు ఎంత ఇస్తారు?

ఈ దుకాణం నిజంగా ఎక్కడా లేదు. 1985లో రిచర్డ్ గారియట్ అనే అమెరికన్ తయారుచేసిన ‘అల్టిమా 4’ అనే కంప్యూటర్ ఆటలో ఉంది. ఈయన తండ్రి ఓవెన్ గారియట్ 1973లో స్కైలాబ్‌లో పనిచేసిన వ్యోమగామి. 2008లో రిచర్డ్ కూడా రష్యా రాకెట్‌పై అంతరిక్షానికి వెళ్లివచ్చాడు.

అంతకుముందు ఆయన ఆటలలో ఊళ్లు దోచినా, అమాయకులను చంపినా అడిగేవారు లేరు. పైగా అలా చేసినవారే త్వరగా గెలిచేవారు. ఆడినవారి ఉత్తరాలు చదివి ఆయన ఆలోచనలో పడ్డాడు. ఫలితమే ఈ నాలుగో ఆట. ఇందులో చంపవలసిన రాక్షసరాజు లేడు. ఆటగాడే ఉత్తముడుగా మారి ‘అవతార్’ అనిపించుకోవాలి. ఇది మన ‘అవతారం’ మాటే.

మూడు దీపాలు – ఎనిమిది గుణాలు

మంచితనాన్ని యంత్రం ఎలా కొలుస్తుంది? గారియట్ మూడు మూలసూత్రాలు తీసుకున్నాడు: సత్యం, ప్రేమ, ధైర్యం. వీటిని మూడు దీపాలనుకుందాం. ఒక్కొక్కటి వెలగవచ్చు, ఆరవచ్చు. అంటే 2×2×2 = 8 రకాలు.

సత్యం ఒక్కటే వెలిగితే నిజాయితీ. ప్రేమ ఒక్కటే అయితే దయ. ధైర్యం ఒక్కటే అయితే శౌర్యం. సత్యం, ప్రేమ కలిస్తే న్యాయం. ప్రేమ, ధైర్యం కలిస్తే త్యాగం. సత్యం, ధైర్యం కలిస్తే పరువు. మూడూ వెలిగితే ఆధ్యాత్మికత. మూడూ ఆరినచోట వినయం.

ఆట మొదట్లో సోదె చెప్పే స్త్రీ ఒకామె రెండేసి గుణాలను ఎదురెదురుగా పెట్టి, ఏది ముఖ్యమో అడుగుతుంది. ఓడిన గుణం తప్పుకుంటుంది. మన బడిలో ఎనిమిది కబడ్డీ జట్ల పోటీలాగే 4+2+1 = 7 ప్రశ్నలు. చివరకు మిగిలిన గుణాన్ని బట్టి మీ వృత్తి. వినయం నిలిస్తే మీరు గొర్రెల కాపరి!

ఎనిమిది ఖాతాలు

ఆట సాగుతున్నంతసేపు కంప్యూటర్ ఒక్కొక్క గుణానికి 0 నుంచి 99 వరకు విడిగా ఒక అంకె వేస్తుంటుంది. ఆ అంకె మీకు కనిపించదు. కోటలో ఒక జ్ఞాని ఉంటాడు. ఆయనను అడిగితే మాటలలో మాత్రం చెబుతాడు.

ఐబీఎం పీసీలో ఆడే ఆటలో గుడ్డి దుకాణదారుకు తక్కువ ఇస్తే నిజాయితీ, న్యాయం, పరువు ఒక్కొక్కటి 10 తగ్గుతాయి. సరిగా ఇస్తే 2 చొప్పున పెరుగుతాయి. ఒక్క మోసాన్ని సరిదిద్దుకోవాలంటే అయిదుసార్లు నిజాయితీగా కొనాలన్నమాట.

‘బిచ్చగాడికి దానం చేసి పూడ్చుకుంటాను’ అంటారా? కుదరదు. దానంతో దయ పెరుగుతుంది గాని, నిజాయితీ పెరగదు. పరీక్షలో లెక్కలకు నూరు వచ్చినా ఇంగ్లీషు తప్పితే తప్పినట్టే కదా! ఇంకా ఒక చిక్కుంది. ఒక గుణంలో సిద్ధి పొందాక తప్పుచేస్తే ఆ సిద్ధి పోతుంది. మంచితనం బ్యాంకులో వేసుకునే సొమ్ము కాదు.

తోడు వచ్చేవారు

మీ వృత్తి వదిలేస్తే మిగిలిన ఏడు వృత్తులకు ఏడుగురు సహచరులుంటారు. అందరినీ ఒకేసారి చేర్చుకోలేరు. రెండో మెట్టులో ఒకరు, మూడో మెట్టులో ఇద్దరు, ఇలా ఎనిమిదో మెట్టుకు ఏడుగురు. మెట్టు ఎక్కడానికి కావలసిన అనుభవం 100, 200, 400, 800 అంటూ రెట్టింపవుతూ పోతుంది. ఏడుగురూ లేనిదే చివరి గదిలోని జ్ఞానగ్రంథం అందదు.

మనుషులు పెరిగితే తిండి ఖర్చూ పెరుగుతుంది. గాయపడినవారిని వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి, బంగారం ఇవ్వాలి. పోరాటంలో ఒక మిత్రుడు చావుబతుకుల్లో ఉన్నాడనుకోండి. వెనక్కి తగ్గితే శౌర్యం అంకె తగ్గుతుంది. తగ్గకపోతే మిత్రుడు పోవచ్చు. అంకె కావాలా, మిత్రుడు కావాలా? అంకెను మళ్లీ సంపాదించుకోవచ్చునని తెలిసినవాడు తడుముకోడు.

యంత్రానికి కనిపించనిది

కంప్యూటర్ నాణేలు లెక్కపెట్టగలదు, మనసును చూడలేదు. అంకెలు తెలుసుకుని, వాటి కోసమే పూర్తి ధర ఇచ్చేవాడికీ, చూపులేని ఆమెను మోసగించడం ఇష్టంలేక ఇచ్చేవాడికీ అది ఒకే 2 వేస్తుంది.

మా ప్రయోగశాలలో లోలకం ప్రయోగం చేయించినప్పుడు ఏటా ఒకరిద్దరు ఊగులు లెక్కపెట్టకుండానే, పుస్తకంలోని జవాబు వచ్చేలా రీడింగులు వేస్తారు. మార్కులు పడతాయి కూడా. నలభైమంది పిల్లల మధ్య నాకు అన్నీ కనిపించవు. ఆ క్షణంలో నేనే ఆ గుడ్డి దుకాణదారుణ్ణి.

ఆలోచించండి

1. మూలసూత్రాలు నాలుగైతే ఎన్ని గుణాలు వస్తాయి?
2. అన్ని గుణాల పోటీకి ఎన్ని ప్రశ్నలు కావాలి?
3. మూడుసార్లు మోసం చేసినవాడు ఎన్నిసార్లు సరిగా కొంటే మునుపటి అంకె చేరుతుంది?
4. అంకె కోసమే సరిగా కొన్నవాడు నిజాయితీపరుడేనా?

జవాబులు: 1) 16. 2) 15. 3) 15. నాలుగోదానికి జవాబు ఈసారి రీడింగులు వేసేటప్పుడు మీరే చెప్పండి.