‘తగిన జాగ్రత్త’ అంటే ఎంత జాగ్రత్త?



ప్రతిసారీ మందుల గురించి, జబ్బుల గురించి రాస్తుంటాము. ఈసారి ఒక మాట గురించి తెలుసుకుందాం. ఆపరేషనుకు ముందు మీరు సంతకం పెట్టే కాగితం, ధాన్యం గోదాము రసీదు, బస్టాండు పక్కన స్కూటరు స్టాండు వాళ్లిచ్చే చీటీ, వీటన్నిటి వెనుకా చట్టం చూసేది ఒక్కటే: అవతలివారు తగిన జాగ్రత్త తీసుకున్నారా, లేదా? ఈ మాట మాకు పుస్తకంలో చదివి అర్థం కాలేదు. మా వార్డులో ఒక గొలుసు పోయినప్పుడు అర్థమైంది.

కొన్నేళ్ల క్రితం సంగతి. దివిసీమ నుండి గర్భసంచి ఆపరేషనుకు వచ్చిన ఒక తల్లి, థియేటరులోకి వెళ్లబోతూ మెడలోని గొలుసు తీసి డ్యూటీలో ఉన్న సిస్టరు చేతిలో పెట్టింది. కూడా వచ్చిన కొడుకు రక్తం కోసం బయటికి వెళ్లాడు. సిస్టరు దాన్ని చేతిరుమాలులో మూటగట్టి బల్ల సొరుగులో ఉంచింది. సొరుగుకు తాళం లేదు. సాయంత్రానికి రుమాలు ఉంది, గొలుసు లేదు.

వార్డు గోడ మీద ‘విలువైన వస్తువులకు ఆసుపత్రి బాధ్యత వహించదు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. దాచిపెట్టినందుకు మేము పైసా తీసుకోలేదు, సహాయంగా పుచ్చుకున్నాము. అందుకని మా కమిటీలో ఆ రోజు చాలా వాదన జరిగింది. బోర్డు ఉంది కదా అన్నవారున్నారు. సిస్టరు జీతంలో కోయాలన్నవారూ ఉన్నారు. చివరికి ఒక లాయరుగారిని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశారు: “ఆ గొలుసు సిస్టరుగారి సొంతమైతే ఆ సొరుగులో పెట్టేవారా?” ఎవరమూ మాట్లాడలేదు. గొలుసు ఖరీదు ఆసుపత్రే ఇచ్చింది.

ఆయన అడిగిన ప్రశ్న మన కాంట్రాక్టు చట్టంలోనిదే. 1872 నాటి ఆ చట్టం ఈనాటికీ అమలులో ఉంది. ఒకరి వస్తువును మరొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును అది బెయిల్‌మెంట్ అంటుంది. బట్టలు చాకలికి వేసినా, వాచీ బాగుకు ఇచ్చినా, ధాన్యం మిల్లులో నిల్వ పెట్టినా అది అప్పగింతే. 151వ సెక్షను చెప్పేది ఇంతే: సామాన్య వివేకం గల మనిషి అలాంటి పరిస్థితిలో, అలాంటి తన సొంత వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో, అప్పగించినదాన్ని అంత భద్రంగా చూడాలి. అంతకు తక్కువ కుదరదు. అంతకన్నా ఎక్కువ కూడా, వేరే ఒప్పందం ఉంటే తప్ప, ఎవరూ అడగలేరు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, డబ్బు తీసుకుని దాచినా, ఉచితంగా దాచినా ఈ సెక్షను కొలత ఒక్కటే. రెండోది, ఎరువు తెచ్చుకున్న వస్తువుకూ ఇదే వర్తిస్తుంది. కూచిపూడిలో పుట్టి పెరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ప్రదర్శన ఉన్నప్పుడు ఒకరి నడుము వడ్డాణం మరొకరి పిల్లకు వెళ్తుంది. అది చిలకలపూడి గిల్టుదైనా సరే, తిరిగి ఇచ్చేదాకా ఆ ఇంటి తల్లికి నిద్ర ఉండదు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

తుపాను వస్తే? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. అలాంటి రాత్రి గోదాములో బస్తాలు పోయాయని గోదాము యజమానిని ఏ కోర్టూ తప్పుపట్టదు. అయితే రెండు రోజుల ముందే హెచ్చరిక వచ్చి, తన బస్తాలను మాత్రం ఎత్తు మీదికి చేర్చుకుని మీ బస్తాలను నేల మీద వదిలేసినవాడు తుపానును అడ్డుపెట్టుకోలేడు. అతని జాగ్రత్త ఎంతో అతని సొంత బస్తాలే సాక్ష్యం చెబుతాయి.

ఇక బోర్డు సంగతి. ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటలులో 1998లో ఒక అతిథి కారును సిబ్బంది తీసుకుని పార్కు చేశారు. ఆ కారు దొంగల పాలైంది. చీటీ మీద ‘యజమాని బాధ్యత మీదనే’ అని అచ్చు వేశాము కదా అని హోటలు వాదించింది. 2019 నవంబరు 14న సుప్రీం కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. వస్తువు చేతికి తీసుకున్న తరువాత తమ నిర్లక్ష్యానికి చీటీ రక్షణ కాదని, జాగ్రత్త తీసుకున్నామని చూపే భారం పుచ్చుకున్నవారి మీదనే ఉంటుందని చెప్పింది. ఆ తీర్పు చదివాక మా గోడ మీది బోర్డు మాకు కొంచెం సిగ్గుగా కనిపించింది.

గొలుసు కన్నా మనిషి విలువైనది గదా. ప్రాణం అప్పగించినప్పుడు తగిన జాగ్రత్త అంటే ఎంత?

వైద్యుడు దేవుడు కాడు, నయం చేస్తానని పూచీ ఇవ్వలేడు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీం కోర్టు దీన్ని వివరంగా చెప్పింది. రోగి చనిపోయినంత మాత్రాన, వైద్యం ఫలించనంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. దేశంలోకెల్లా గొప్ప నిపుణునితో పోల్చి కూడా చూడరు. ఆ వృత్తిలో సామాన్యమైన నేర్పు గల డాక్టరు ఆ స్థితిలో ఏమి చేస్తాడో అదే కొలత. ఈ మాట మా డాక్టర్లకు ధైర్యమిస్తుంది, ఇవ్వాలి కూడా. కేసు భయంతో కష్టమైన రోగిని విజయవాడకు పంపించేస్తే నష్టపోయేది రోగే.

అయితే ఆ కొలత ఎక్కడ తప్పుతుందో హైదరాబాదులో జరిగిన ఒక కేసు చూపిస్తుంది. దాన్ని కిషన్‌రావు కేసు అంటారు. 2002 జూలైలో, మలేరియా శాఖలో అధికారిగా ఉన్న ఆయన, వచ్చిపోయే జ్వరంతో, చలితో బాధపడుతున్న భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్ అని మందులు ఇచ్చారు. నాలుగు రోజులకు పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఆమె దక్కలేదు. తాము మలేరియాకు వైద్యం చేయలేదని మొదటి ఆసుపత్రి తరఫు డాక్టరే సాక్ష్యంలో ఒప్పుకున్నారు. జిల్లా ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదని పై కమిషను దాన్ని కొట్టివేసింది. 2010 మార్చి 8న సుప్రీం కోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు ఎదురుగా కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం అడగనవసరం లేదని చెప్పింది. కాలువలు, దోమలు ఉన్న మన డెల్టాలో చలిజ్వరం వస్తే రక్తపరీక్ష ఎందుకు రాస్తారో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. అప్పుడు ‘ఆర్‌ఎంపీ డాక్టరుగారు టైఫాయిడ్ అన్నారు, అవే మందులు రాయండి’ అని మమ్మల్ని తొందరపెట్టవద్దు.

సంతకం గురించి కూడా చాలామంది భయపడతారు. ‘సంతకం పెట్టాక ఇక అడగటానికి లేదు గదండీ’ అంటారు. అది నిజం కాదు. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఒక ఇంజినీరింగు విద్యార్థి ఛాతీలోని కణితిని పరీక్ష కోసం తీయడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న దానిని మించి కణితినే తొలగించారు. వెన్నుపాము దగ్గర పని అయినా న్యూరోసర్జనును కూడా ఉంచుకోలేదు. ఆ అబ్బాయి కాళ్లు పడిపోయాయి. 2009లో సుప్రీం కోర్టు కోటి రూపాయల పరిహారం ఇవ్వమంది. మీరు సంతకం పెట్టేది ఆ కాగితంలో ఉన్న పనికే. అజాగ్రత్తకు కాదు.

ఇప్పుడు మాకు మొదట మింగుడుపడని విషయం చెప్తాము. ఇక్కడ ఫీజు ఇచ్చుకోగలవారి దగ్గర తీసుకుని, లేనివారిని ఉచితంగా చూస్తాము. ఉచితంగా చూసిన రోగి కూడా కేసు వేయవచ్చా? వేయవచ్చు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు గాని, కొందరి దగ్గర రుసుము తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట ఉచిత రోగి కూడా వినియోగదారుడే అని 1995 నవంబరు 13న సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. దానం చేసినవాడి మీదనే కేసా అని మాలో కొందరు నొచ్చుకున్నారు. కాని ఆ గొలుసు విషయంలో ‘ఉచితంగా దాచాము’ అన్న మాట ఎంత తేలిపోయిందో గుర్తు చేసుకుంటే, ఉచిత వార్డు మంచానికి వేరే కొలత ఎందుకుండాలి?

మీరు తెలుసుకోవలసినవి మరికొన్ని. మీ కేసు షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, రికార్డులు 3 సంవత్సరాలు భద్రపరచాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మా దగ్గరైనా సరే, మొహమాటపడకుండా అడగండి. ఫిర్యాదు ఉంటే 2 సంవత్సరాల లోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. మీ వైపు నుండి కూడా జాగ్రత్త కావాలి. పాత చీటీలు తీసుకురండి, వాడుతున్న మందులు, పడని మందులు దాచకుండా చెప్పండి.

నగల విషయం. ఆ గొలుసు పోయిన నెల నుండి మా థియేటరు దగ్గర ఒక రిజిస్టరు పెట్టాము. వస్తువు ఏమిటో రాసి, మీ సంతకం, సిస్టరు సంతకం తీసుకుని, కవరులో సీలు వేసి ఇనుప బీరువాలో పెడతాము. తాళం నర్సింగ్ సూపరింటెండెంటుగారి దగ్గర ఉంటుంది. అయినా మా మనవి ఒకటే: ఆపరేషను రోజున నగలు ఇంట్లోనే వదిలి రండి. అలా కుదరకపోతే థియేటరు తలుపు దగ్గర కాదు, ముందురోజు అడ్మిషను సమయంలోనే మీవారి చేతికి ఇచ్చేయండి.