కట్టప్ప కత్తి యెత్తుట: ఇంట నడపదగిన యొక పాఠము

2015 జూలై 10న తెలుగు, తమిళ భాషలలో వెలువడిన ‘బాహుబలి’ మొదటి భాగము చిక్కుముడితో ముగిసినది. నమ్మిన బంటు కట్టప్ప బాహుబలిని ఏల చంపెను? 2017 ఏప్రిల్ 28న రెండవ భాగము వచ్చువరకు ఊరూర నిదే వాదము.

ఆధారము మొదటి భాగముననే కలదు. అస్లంఖాన్ దాస్యవిముక్తి కల్పింతుననగా, తన పూర్వులు మాహిష్మతీ సింహాసనమునకు మాటయిచ్చిరని కట్టప్ప నిరాకరించును. అట్టివాని కత్తి ఎవరి యాజ్ఞపై లేచును? రాజమాత శివగామి యాజ్ఞపైననే యని రెండవ భాగము తేల్చినది.

తల్లిదండ్రులారా! కోవిల్పట్టి, విరుదునగరములలో వీథిభాష తమిళము. ఇంట తెలుగు ‘అన్నము తిను, నీళ్లు తే’ యనుటతో సరిపోవుచున్నది. ‘ఎందువలన’, ‘అయినను’, ‘అట్లయినచో’ అను మాటలు వాదించునపుడే నోట నిలుచును. కావున ఆ ప్రశ్నను పిల్లలను తెలుగున నడుగుడు. కాలకేయుల కిలికి భాషను కల్పించినవారు తమిళ కవి మదన్ కార్కి, దానికిని వ్యాకరణమున్నదట! ఆ సంగతి పిల్లలే మీకు చెప్పుదురు.