పక్కపక్కన ఉంటే చాలదు

మన సికింద్రాబాదుకు పలు మతాల పొరుగు కొత్త కాదు. 1806లో సికందర్ జా పేరుతో వెలసిన ఈ ఊళ్లో మసీదు, మహంకాళి గుడి, సెయింట్ మేరీస్ చర్చి, పార్సీల అగ్ని మందిరం అన్నీ ఉన్నాయి. నా తరగతి హాజరు పట్టీ కూడా అలాగే ఉంటుంది. కానీ భోజనాల గంట కొట్టగానే పిల్లలు ఎవరి గుంపులోకి వారు వెళ్లిపోతారు. పక్కపక్కన ఉండటం వేరు, కలిసి ఉండటం వేరు.

ఈ తేడా చిన్నది కాదు. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత సుధీర్ కకర్ అనే మానసిక విశ్లేషకుడు హైదరాబాదు పాతబస్తీలో ఉభయ మతాల వారితో మాట్లాడి, 1996లో ఒక గ్రంథం వెలువరించారు. గొడవల వేళ మనిషిలో ‘నేను’ వెనక్కి పోయి ‘మేము’ ముందుకు వస్తుందని ఆయన వివరించారు. నిన్నటి పొరుగువాడి పేరు చెరిగిపోయి, ‘వాళ్లలో ఒకడు’గా మిగులుతాడు. పెద్దల మాటల్లోని భయం పిల్లల మనసులోకీ చేరుతుంది.

దీనికి మందు ఉందా? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే నాలుగు షరతులు చెప్పారు: ఇరువురికీ సమాన స్థాయి, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పెద్దల మద్దతు. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడిలో చేర్చినప్పుడు ఘర్షణలు చెలరేగాయి. సైకాలజీ ప్రొఫెసర్ ఎలియట్ ఆరన్సన్ పిల్లలను చిన్న జట్లుగా చేసి, పాఠాన్ని ముక్కలుగా పంచారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క. అది పక్కవాడు చెబితేనే తెలుస్తుంది. పిల్లల మధ్య ఇష్టం పెరిగింది, తమ మీద తమకు నమ్మకం పెరిగింది, బడి మానడం తగ్గింది.

బి.ఎడ్.లో పరీక్ష కోసం చదివిన ఈ పద్ధతిని నేను 1908 మూసీ వరద పాఠంతో ప్రయత్నించాను. వాన, నష్టం, విశ్వేశ్వరయ్య సూచనలు, 1920 నాటి ఉస్మాన్ సాగర్, 1927 నాటి హిమాయత్ సాగర్: ఐదుగురికి ఐదు ముక్కలు. హిమాయత్ సాగర్ వచ్చిన అబ్బాయికి తెలుగు తడబడింది. మొదట మిగతావారు విసుక్కున్నారు. తర్వాత ఒక అమ్మాయి, “ఉర్దూలో చెప్పు, నేను తెలుగులో రాస్తాను” అంది. మరుసటి వారం ఆ జట్టు పిల్లలు ఒకేచోట టిఫిన్ డబ్బాలు తెరిచారు. అన్ని జట్లలోనూ అలా జరిగిందని చెప్పను. ఒక్క జట్టులో జరగడం కళ్లారా చూశాను.

దాతలైన మీకు నా మనవి ఇదే. ఆహార పొట్లాలు, దుప్పట్లు అవసరమే. అయితే పంపిణీలో ఒక చేయి పైన, ఒక చేయి కింద ఉంటాయి. ఆకలి తీరుతుంది గానీ అనుమానం తీరదు, ఎందుకంటే అక్కడ సమాన స్థాయి లేదు. సాయంత్రం చదువుల గదికి సాయం చేసేటప్పుడు మన పిల్లలతో పాటు ఎదురింటి పిల్లలనూ పిలవండి. నిర్వహణ కమిటీలో ఇరువైపుల తల్లిదండ్రులనూ కూర్చోబెట్టండి. రేపు ఊళ్లో ఏ పుకారు లేచినా, అది నిజమా కాదా అని ఆ ఇంటికే వెళ్లి అడిగే చనువు ఆ గదిలోనే పుడుతుంది.